చేయగలను, చేయలేను

ఈ ముక్కలు టైపు చేస్తున్నప్పుడు నా వేళ్ళు కీల మీదే ఉన్నాయో, జారి బల్ల మీద పడ్డాయో నాకు తెలియదు. కళ్ళతో చూసుకుని నిర్ధారించుకోవాలి. అందుకని ఇది చాలా నెమ్మదిగా రాసింది. నెమ్మదిగా రాస్తే అబద్ధాలు తగ్గుతాయని ఈ వయసులో తెలిసింది. కోతలు కోయాలంటే వేగం కావాలి. మా డ్రోహెడా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో ఆనందరావు, అంటే నా, మాటలంటే సగం తరుగు తీసి నమ్మడం అందరికీ అలవాటు. ఈసారి తరుగు తీయకుండా చదవండి. జబ్బు చేసి మంచం దిగాక ఏ ప్రభుత్వ పేమెంటుకు అర్జీ పెట్టుకోవాలో తెలియక రెండింటికీ పెట్టుకున్నవాళ్ళు నేను కాక ఇంకా ఉంటారు. రాసేది వాళ్ళ కోసం. కొంత నా కోసం కూడా.

2020 మార్చి

ఊరికి కాస్త దూరంలో ఒక హోటల్లో నేను పొద్దుటి వంటవాణ్ణి. గుడ్లు, సాసేజీలు, రాషర్లనే పందిమాంసం ముక్కలు, పెనం మీద మాడ్చిన టమాటాలు. చీరాలలో పెసరట్లు తిప్పిన చెయ్యి ఇక్కడ ఆమ్లెట్లు తిప్పేది. లాక్‌డౌన్ అని చెప్పిన రోజు మేనేజరు మమ్మల్నందరినీ డైనింగ్ హాల్లో దూరదూరంగా నిలబెట్టి, పాడైపోయే సరుకంతా పంచిపెట్టాడు. నా వాటాకు ఒక పెట్టెడు వెన్న వచ్చింది. తెచ్చి బల్ల మీద పెట్టి, "మన జీతం ఇకనుంచి ఇదే, మెల్లగా తినండి" అన్నాను. మా ఆవిడ సువార్త నవ్వలేదు. ఆమె వృద్ధుల ఆశ్రమంలో నర్సు. ఆ వారం వాళ్ళ దగ్గర అప్పుడే జ్వరాలు మొదలయ్యాయి.

కోవిడ్ వల్ల పని పోయినవాళ్ళకు ప్రభుత్వం పాండమిక్ పేమెంటు పెట్టింది. అందులో అడిగేది ఒకటే: పని పోయింది కదా, పని దొరికితే చేయగలవా? చేయగలను అన్నాను. అప్పటికది నిజం. దేశమంతా ఇంట్లో కూర్చుంది. సువార్త ఒక్కతే ముక్కు మీద మాస్కు గీతలతో వెళ్ళి, అవే గీతలతో తిరిగొచ్చేది. నేను వండేవాణ్ణి. మా అమ్మాయి షారోన్ తన గదిలో లాప్‌టాప్ ముందు స్కూలుకు వెళ్ళేది.

2021 జనవరి

ఒక పొద్దున మెట్లు దిగి వంటింట్లోకి వచ్చాను. షారోన్ నా పాదాల వైపు చూసింది.

"డాడీ, వేర్ ఈజ్ యువర్ అదర్ స్లిప్పర్?"

చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది. రెండోది మెట్ల మీదే జారిపోయింది. జారిన సంగతి నా పాదానికి తెలియలేదు. "సోషల్ డిస్టెన్సింగ్. రెండూ ఒకచోట ఉండకూడదన్నారు" అన్నాను. అది నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వారాంతానికి మెట్లెక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత గోడ పట్టుకున్నా లాభం లేకపోయింది.

ఆ రోజుల్లో జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు, దగ్గర వెయిటింగ్ రూం అంటే మన కారే. బయట పార్కింగులో కూర్చుంటే లోపలినుంచి ఫోన్ చేసి పిలుస్తారు. చుట్టూ కార్లు, ఒక్కోదాంట్లో ఒక్కో దగ్గు, అద్దాలన్నీ ఆవిరి పట్టి. డాక్టరమ్మ నా మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది. కాలు కదల్లేదు. ఇంకోసారి కొట్టింది. "ఇది మొహమాటస్థుల కాలండి, కొత్తవాళ్ళ ముందు కదలదు" అన్నాను. ఆవిడ నావైపు చూడకుండా పెద్దాసుపత్రికి ఫోన్ తీసింది.

ఆసుపత్రి గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను పేషెంటు ఒక్కరే రావాలన్నాడు. సువార్త డ్యూటీ నుంచి అటే వచ్చింది, యూనిఫాం మీదే ఉంది. నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, నా స్కార్ఫు సరిచేసి, "నోరు అదుపులో పెట్టుకోండి, వాళ్ళు బిజీగా ఉంటారు" అంది. లోపలికి తోసుకుపోతుంటే వెనక్కి తిరిగి చూశాను. ఆమె పార్కింగులో అలాగే నిలబడి ఉంది. ముక్కూ మొహం తెలియని ముసలివాళ్ళందరికీ రాత్రంతా కాపలా కాసే మనిషి.

లోపల కుర్చీ విడిచి కుర్చీకి టేపు అంటించారు. అక్కడ ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. భయపడ్డానా అని తర్వాత చాలామంది అడిగారు. లేదు. ధైర్యం వల్ల కాదు. ఎవరో నా గురించి పక్కగదిలో మాట్లాడుకుంటుంటే వింటున్నట్టుండేది.

జబ్బు పేరు ఎవరో ఫ్రెంచి డాక్టర్లది. చేతుల నుంచీ కాళ్ళ నుంచీ వచ్చే కబుర్లను నరాలు మెదడుకు అందించడం మానేస్తాయట. చాలామందికి తిరిగొస్తుంది, కొందరికి కొంచెం మిగిలిపోతుంది, మీరు ఏ రకమో కాలమే చెప్పాలి అన్నారు.

వార్డులో పక్కమంచం మీద మిక్ అని ఒక ముసలి రైతు. మధ్యలో తెర. నాకు నిద్ర పట్టని ఒక మధ్యాహ్నం ఆయనకు మా ఊరి కథ ఒకటి చెప్పాను. చెరువు ఎండిపోతే ఒక కొర్రమేను లేచి, రోడ్డు దాటి, పక్కూరికి బస్సెక్కిందని. తెర అవతల మంచం కిర్రుమంది.

"పిల్లల టిక్కెట్టు తీసుకుందా, పెద్దలదా?" అన్నాడు మిక్.

"పెన్షనర్ పాసు ఉంది దానికి."

"అయితే సరే" అని, వాళ్ళ తాతగారి ఆవు చర్చిలో ఫాదరు కన్‌ఫెషన్ గదిలో ఇరుక్కుని పాపాలన్నీ విన్న కథ మొదలుపెట్టాడు. ఆ రెండు వారాల్లో నాకు జరిగిన మేళ్ళలో ఇదే పెద్దది. ఒక ఉదయం తెర తీసి చూస్తే మంచం ఖాళీగా, దుప్పటి నీటుగా మడతపెట్టి ఉంది. నర్సును అడగబోయి ఊరుకున్నాను. ఇంటికి వెళ్ళాడనే అనుకుంటున్నాను ఇప్పటికీ.

సువార్త రోజూ వీడియో కాల్ చేసేది. ఫోన్ ఎవరో ఒకరు నా మొహం ముందు పట్టుకునేవాళ్ళు.

"చేతులెలా ఉన్నాయండీ?"

"చేతులు బ్రహ్మాండం. కాళ్ళే కొంచెం అలిగాయి."

ఆమె ముక్కు మీద ఆ గీతలు చూసి అలా అన్నాను. ఆ రోజు ఆమె ఆశ్రమంలో ఎవరో పోయారని మొహంలోనే తెలిసింది. ఒకసారి అన్నాక దాన్ని కొనసాగించడం తేలిక. ఇంటికొచ్చాక కూడా చేతులు వచ్చేశాయనే చెప్పాను. ఆమె రాత్రి డ్యూటీలు, నా పగటి నిద్రలు. గ్లాసు జారిపడితే నీరసం, గుండీల చొక్కాలు మానేస్తే ఫ్యాషన్ అనేవాణ్ణి.

2021 మార్చి

కర్రతో నడుస్తున్నాను. జీపీ నాకు పని చేయలేడని సర్టిఫికెట్ రాసి ఇల్‌నెస్ పేమెంటుకు పంపింది. పాండమిక్ పేమెంటు మామూలుగా వస్తూనే ఉంది.

ఆ వారం సామ్యేలు సరుకులు తెచ్చిపెట్టాడు. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకునే కేరరు, మా ఫెలోషిప్‌లో అందరికీ తమ్ముడు. గుమ్మం బయట నిలబడే మాట్లాడాడు.

"అన్నయ్యా, పాతది ఆపకు. రెండూ ఉండనీ. ఏది తెగితే రెండోది ఉంటది."

"తప్పు కాదూ?"

"తప్పేంటి? రెండు రైళ్ళకి రిజర్వేషన్ చేయించి ఒకటి ఒదిలేస్తాం గదా? అంతే. రెండో రైలు కన్ఫర్మ్ అయ్యాక మొదటిది క్యాన్సిల్ కొట్టుకో."

ఈ మాట మరో దేశంవాళ్ళకు అర్థం కాదు, మనకు వెంటనే అర్థమవుతుంది. వెయిటింగ్ లిస్టుల్లో పెరిగాం. ఒకేచోట అర్జీ పెట్టడమంటే అసలు పెట్టకపోవడమే. మా నాన్న ఒక కుళాయి కోసం పంచాయతీకి, ఎమ్మార్వోకు, ఎమ్మెల్యేకు మూడు అర్జీలు పెడితే మూడు కుళాయిలు వచ్చాయని నేను చెప్తుంటాను. (ఒకటే వచ్చింది. నీళ్ళు రాలేదు.)

సువార్త విని ఒప్పుకోలేదు. "ముందు పాతది ఆపండి. మన సిటిజన్‌షిప్ ఫైలు ఇంకా వాళ్ళ ఆఫీసులో ఉంది. ఇలాంటివి కనిపిస్తే మోసం అంటారు. మంచి నడవడి అని రాసి సంతకం పెట్టింది నేను."

"చేస్తాలే."

చేయలేదు. దురాశ వల్ల కాదంటే మీరు నమ్మకపోవచ్చు. ఆ నెలల్లో ఏ పని తలపెట్టినా దూదిమూటలో చెయ్యి పెట్టి వెతికినట్టుండేది. ఆపాలని తెలుసు. ఫోన్ ఎక్కడుందో తెలుసు. రెండింటికీ మధ్య ఏదో తెగిపోయింది. చదువుతున్నవాళ్ళెవరైనా ఇదే స్థితిలో ఉంటే, ఇక్కడితో చదవడం ఆపి, వెళ్ళి ఆ ఫోన్ చేసి రండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

కొన్ని వారాలు రెండూ వచ్చాయి. ఒక కాగితం ప్రకారం నేను పని చేయగలను. ఇంకో కాగితం ప్రకారం చేయలేను. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే ప్లేటులో తింటున్నారు.

2021 మే

మా ఫెలోషిప్ అప్పటికింకా జూమ్‌లోనే. ఆదివారం ప్రార్థన చివర పాస్టరు గారు, "ఆనందరావు బ్రదర్, మీకోసం అందరూ ఉపవాసాలున్నారు. ఒక సాక్ష్యం చెప్పండి" అన్నారు.

సాక్ష్యం సంగతి తెలియనివాళ్ళకు: దేవుడు మనకు చేసిన మేలు నలుగురిలో చెప్పడం. జబ్బు ఇంకా పూర్తిగా పోకపోయినా పోయిందని నోటితో ఒప్పుకోవడం మా వాళ్ళకు విశ్వాసమే. స్క్రీన్ మీద చిన్నచిన్న పెట్టెల్లో అందరి మొహాలు, డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు, డ్యూటీకి వెళ్ళబోయేవాళ్ళు, అందరివీ నా కోసం ఎదురుచూసే కళ్ళు. ఇంతకాలం ఉపవాసం ఉన్నవాళ్ళకు "నిన్న కర్ర పట్టుకుని బోయిన్ నది దాకా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను" అని ఎలా చెప్పను? "నిన్న బోయిన్ నది గట్టు మీద పరిగెత్తాను" అన్నాను. "ఒక కుక్క వెంటపడింది. నన్ను అందుకోలేక కూర్చుండిపోయింది."

హల్లెలూయాలు వరసగా పడ్డాయి. ఆ వీడియో సాయంత్రానికల్లా క్లాండాల్కిన్ నుంచి కార్క్ దాకా ఉన్న తెలుగు గ్రూపులన్నిటికీ వెళ్ళింది. సువార్తకు పనిలో తెలిసింది, ఇంకో నర్సు నోట.

ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా అడిగింది. "పరిగెత్తారంటగా?"

"విశ్వాసంలో."

"విశ్వాసంలో పరిగెత్తేవాడికి సిక్ సర్టిఫికెట్ ఎందుకండీ?"

నేను ఆమె బ్యాగు అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"ఒక ఆఫీసుకి చేయగలనన్నారు. ఇంకో ఆఫీసుకి చేయలేనన్నారు. దేవుడి దగ్గర పరిగెత్తానన్నారు. ఈ ముగ్గురూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటే మన ఫైలు ఏమవుద్దో ఆలోచించారా? నేను ఇక్కడ ఇన్నేళ్ళు బెడ్‌పాన్లు ఎత్తింది మీ కుక్క కథ కోసమా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేది. వెళ్ళి పడుకుంది. నేను పాస్టరు గారికి ఫోన్ చేసి వీడియో తీసేయమన్నాను.

"అయ్యో, అది చూసి చాలామంది ఆదరణ పొందారు బ్రదర్."

"ఆదరణ ఉంచండయ్యగారూ. పరుగు తీసేయండి."

తీసేశారు. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు నన్నెవరూ ఏమీ అడగలేదు.

2021 జూన్

హోటళ్ళు తెరవడానికి అనుమతి వచ్చింది. మేనేజరు ఫోన్ చేశాడు. "నీ పెనం నీకోసం చూస్తోంది. ఎప్పుడొస్తావు?" చెప్తానన్నాను. ఆ వారంలోనే వెల్ఫేర్ ఆఫీసు నుంచి కబురు: మీ పేరున రెండు క్లెయిములు కనిపిస్తున్నాయి, ఫోన్ చేయండి.

ఇక తప్పించుకునే దారి లేదు. చేయగలనంటే పెనం దగ్గరికి వెళ్ళాలి, సర్టిఫికెట్ అబద్ధమవుతుంది. చేయలేనంటే ఇన్ని వారాలుగా తీసుకున్న పాండమిక్ పేమెంటు అబద్ధమవుతుంది. ఎటు చెప్పినా ఆ మాట వెళ్ళి సువార్త సంతకం పక్కన కూర్చుంటుందేమోనని మా భయం. అన్నిటికంటే విచిత్రం, ఏది నిజమో నాకే సరిగ్గా తెలియదు. ఇంతమందికి ఇన్ని రకాలుగా చెప్పాక నా చేతులు ఎలా ఉన్నాయో నేనే అడగడం మానేశాను.

అందుకని ఒక పొద్దున, సువార్త రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాకముందు, హోటల్లో లాగే ఏప్రన్ కట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డాను. రెండు పెనాలు. ఒకదాంట్లో రాషర్లు, ఒకదాంట్లో గుడ్లు. షారోన్ స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. మొదటి గుడ్డు చేతిలోనే పగిలింది. రెండోది పెనం దాకా వెళ్ళింది. మూడోది చక్కగా పడింది, పచ్చసొన చెదరలేదు. నాకు పాత రోజులు గుర్తొచ్చి, కుడిచేత్తో గరిటె తిప్పుతూ షారోన్‌కు ఏదో కథ మొదలుపెట్టాను. కథ మధ్యలో ఒక వాసన వచ్చింది. రాషర్ల వాసన కాదు.

"డాడీ! యువర్ హ్యాండ్!"

చూశాను. ఎడమచెయ్యి ఖాళీగా ఉన్న మూడో కరెంటు పొయ్యి మీద ఆనించి నిలబడ్డాను. అది కూడా వెలుగుతోంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

షారోన్ నా చెయ్యి లాగి కుళాయి కింద పెట్టి, పొయ్యిలు కట్టేసింది. నేను ఆ నీళ్ళు పడడం చూస్తూ నిలబడ్డాను. చల్లగా ఉన్నాయో లేదో తెలియలేదు. ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్ల, "నొప్పెట్టట్లేదా డాడీ? ఏమీ నొప్పెట్టట్లేదా?" అని తెలుగులో ఏడ్చింది. నొప్పి పుట్టి ఉంటే దాన్ని ఓదార్చడం తేలికయ్యేది.

తనే గుడ్డ చుట్టింది. తనే ఆఫీసు నంబరు నొక్కి ఫోన్ స్పీకర్లో పెట్టింది. చాలాసేపు సంగీతం వచ్చింది. తర్వాత ఈ దేశపు పడమటి జిల్లాల యాస ఉన్న ఒక ఆడమనిషి. మా సంభాషణ ఇంగ్లీషులో జరిగింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఈ రెండు క్లెయిములూ మీవేనా?"

"నావే."

"ఒకదాంట్లో మీరు పనికి సిద్ధం. ఒకదాంట్లో మీరు పని చేయలేరు. ఇప్పుడు నేను వీళ్ళలో ఎవరితో మాట్లాడుతున్నాను?"

ఆమె వేళాకోళంగా అనలేదు. నా దగ్గర మూడు కథలు సిద్ధంగా ఉన్నాయి. మూడూ బావున్నాయి. నోరు తెరిచాను, ఒక్కటీ రాలేదు.

"రెండోవాడితో" అన్నాను.

"సరే. తొందరేం లేదు. ఏమేం చేయలేరో మీ మాటల్లో చెప్పండి, రాసుకుంటాను."

చెప్పాను. చొక్కా గుండీలు పెట్టుకోలేను. జేబులో చెయ్యి పెడితే అక్కడ తాళాలున్నాయో చిల్లరుందో చెప్పలేను. కత్తి పట్టుకుంటే చూపు తిప్పుకోలేను, తిప్పితే కత్తి ఎక్కడుందో తెలియదు. స్నానం నీళ్ళు వేడో కాదో మోచేతితో చూసుకుంటాను. రాత్రి దుప్పటి కప్పుకున్నానో లేదో లైటు వేసి చూసుకుంటాను. నా కూతురి తల నిమిరితే జుట్టు తగలదు. ఇందాక నా చెయ్యి కాలింది, నాకు చెప్పింది నా కూతురు.

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

"పాండమిక్ క్లెయిము సర్టిఫికెట్ తేదీ నుంచి మూసేస్తున్నాను. రెండుసార్లు వచ్చిన డబ్బు మెల్లగా కొంచెం కొంచెం వెనక్కి పట్టుకుంటారు. మీరొక్కరే కాదు ఇలా చేసింది. ఇది ఎక్కువకాలం సాగేలా ఉంటే డిజెబిలిటీ పేమెంటుకు పెట్టుకోవాలి. డాక్టరుతో మాట్లాడండి."

డిజెబిలిటీ అన్న మాట నా గురించి ఎవరైనా అనడం అదే మొదటిసారి. ఏదో వస్తువు నా ముందు బల్ల మీద పెట్టినట్టనిపించింది, అంతే.

"మా సిటిజన్‌షిప్ ఫైలుకి..." అన్నాను.

"అది మా దగ్గర ఉండదు. దాని సంగతి నేను చెప్పలేను. మీ అంతట మీరు ఫోన్లో అంతా చెప్పారని మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను. ముందు ఆ చేతికి మందు రాయించుకోండి."

ఆ ఫైలు మరుసటి ఏడాది సవ్యంగానే బయటికొచ్చింది. ఆ పొద్దున మాకు ఆ సంగతి తెలియదు.

ఫోన్ పెట్టేసి తలెత్తితే గుమ్మంలో సువార్త. భుజాన బ్యాగు, మెళ్ళో ఆశ్రమం కార్డు. ఎప్పుడొచ్చిందో తెలియదు. షారోన్ మొహం చూస్తే నేను గుండీల సంగతి చెప్తున్నప్పుడే వచ్చిందని అర్థమైంది.

"చేతులు వచ్చేశాయన్నారు నాతో" అంది.

ఆమె కోటు విప్పకుండానే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కట్టు విప్పి చూసి, మళ్ళీ శుభ్రంగా కట్టింది. తర్వాత కాలని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, చూపుడువేలి కొస నొక్కింది.

"కళ్ళు మూసుకోండి. ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"ఎక్కడ?"

"అరచెయ్యి. ఇప్పుడు మణికట్టు. ఉందా? నన్ను సంతోషపెట్టడానికి చెప్పకండి."

"లేదు."

ఆమె చెయ్యి పైకి వస్తోందని ఊపిరి చప్పుడును బట్టే తెలుస్తోంది. షారోన్ కెటిల్ నొక్కిన టిక్కుమన్న శబ్దం వినిపించింది.

"ఇక్కడ?"

మోచేతికి ఇవతల ఎక్కడో, కడిగి కడిగి పగిలిన నర్సు చెయ్యి ఒకటి, గరుకుగా, సబ్బు వాసనతో, గట్టిగా.

"అక్కడ తెలుస్తోంది" అన్నాను.

ఇంకా పైకి వెళ్ళలేదు ఆమె. చెయ్యి అక్కడే ఉంచి, ఆ కుర్చీలోనే, కోటుతోనే, నిద్రపోయింది.